సాంచలు ఆగిన రోజున చూడాలి

భివండీ బ్యాడ్మింటన్ జోడీ కథను ఎక్కడ చెప్పినా ఒకేలా చెబుతారు. శాంతి నగర్‌లో సాంచల, అంటే మరమగ్గాల, మీది అటక నుంచి మాట సరిగా రాని ఒక అమ్మాయి వచ్చిందట. కోచ్ వర్ష మేడం ఆమె చేయి పట్టుకుని, ప్రేమగా బ్యాట్ అందించిందట. అమ్మాయి రాష్ట్రస్థాయి పోటీల్లో పతకం తెచ్చిందట. మొన్న నా పదవీ విరమణ సభలో కూడా ఇదే చెప్పారు. దండ నా మెడలో పడింది, కథ మాత్రం వర్షది.

ఆ కథ తప్పు. ఆ రోజు వర్ష పట్టుకున్న చేయి ఆ అమ్మాయిది కాదు, ఆమె చెల్లెలిది. ప్రేమ లేదని నేననను, ప్రేమ నిండుగా ఉంది. కానీ ప్రేమ తప్పు చేయి పట్టుకుంటే దాన్ని విడిపించడానికి ఒక మనిషి కావాలి. అక్కడ ఆ మనిషిని నేను. సభలో ఆ సంగతి ఎవరూ ఎత్తలేదు కాబట్టి నేనే రాస్తున్నాను.

గుమ్మం దగ్గర ఉద్యోగం

ఈ పనిలోకి కొత్తగా వస్తున్న మీకు ముందు పని ఏమిటో చెప్పాలి. అంజూర్ ఫాటా దగ్గర, గోడౌన్ల మధ్య ఉన్న ప్రత్యేక పిల్లల బడిలో నేను మొన్నటిదాకా టీచర్ని. మోకాళ్లు మొరాయించి ముందుగానే మానుకున్నాను. బడితో పాటు జిల్లా సమ్మిళిత క్రీడల కమిటీలో ఎవరికి ఆడే అర్హత ఉందో చూసే పని కూడా నాదే.

సమ్మిళిత ఆటలో ఇద్దరు పక్కపక్కన నిలబడి ఆడతారు. ఒకరు మేధో వైకల్యం గానీ, దానితో కూడిన ఆటిజం గానీ ఉన్న క్రీడాకారిణి. రెండో ఆమె అలాంటిదేమీ లేని జోడీదారు. ఇద్దరికీ నియమాలున్నాయి. క్రీడాకారిణికి మార్కులు తక్కువ రావడమో, మాట ఆలస్యం కావడమో చాలదు. అర్థం చేసుకోవడంలోనూ, బట్టలు, బజారు, రోడ్డు దాటడం లాంటి రోజువారీ పనుల్లోనూ చిన్నప్పటి నుంచీ వెనకబాటు ఉండాలి. జోడీదారు వయసులో, ఆటలో ఆమెకు దగ్గరగా ఉండాలి. పక్కనున్న అమ్మాయిని బొమ్మలా నిలబెట్టి తానొక్కతే గెలిచే ఆటగత్తె పనికిరాదు. చివరి సంతకం మానసిక నిపుణురాలిది. ఆ సంతకానికి ముందు ఇంటికి వెళ్లడం, చూడడం, తల్లిని మాట్లాడించడం, అవసరమైతే పోట్లాడడం మన వంతు.

అందరినీ కలుపుకోవడం అన్న మాట వేదిక మీద బాగుంటుంది. గుమ్మం దగ్గర అలా కుదరదు. అందరికీ తలుపు తీస్తే, ఆట ఎవరి కోసం పెట్టారో వాళ్లే బయట మిగులుతారు, ఎందుకంటే తోసుకుని రావడం వాళ్లకు చేతకాదు. అందుకే వద్దని చెప్పడం ఈ పనిలో సగం. వద్దని చెప్పే మనిషిని ఎవరూ ముద్దు చేయరు. ఇది తెలుసుకునే రండి.

వర్ష పని వేరు. ఆమె కోచ్. కల్యాణ్ నుంచి స్కూటీ మీద వస్తుంది, నాకన్నా బాగా చిన్నది, నవ్వితే పిల్లలు చుట్టూ మూగుతారు. తెలుగులో ఆమెకు మూడే మాటలు వచ్చు: దా, తిన్నవా, మంచిగ. ఆ మూడింటితో శాంతి నగర్‌ను కొనేసింది. మరాఠీ ఆమె మన మాట ఎంత ముద్దుగా మాట్లాడుతుందో చూడమని తల్లులు ఒకరికొకరు చెప్పుకునేవారు. నేను ఆ తల్లులు వలస వచ్చిన తెలుగు ఊళ్ల పక్క ఊరిలోనే పుట్టినదాన్ని, ఇక్కడి సాంచల మధ్యే పెరిగినదాన్ని. నా తెలుగు మాత్రం ఎవరికీ ముద్దుగా వినబడలేదు.

నాకు అసూయే. దానికి ఇంకో పేరు పెట్టను. పైగా అది నా పనికి సాయపడింది కూడా. ఎవరి మీద అసూయ ఉంటుందో వాళ్లు చేసే ప్రతి పనినీ రెప్ప వేయకుండా చూస్తాం. మిగతా అందరూ ఆమె నవ్వు చూస్తుంటే నేను ఆమె ఎవరిని పట్టుకుందో చూశాను.

తల్లుల వరస

మొదట్లో పిల్లలను పరీక్షకు పంపమంటే తల్లులు తలుపులు వేసుకునేవారు. మా బిడ్డ మీద ముద్ర వేస్తే పెద్దదానికి సంబంధం ఎట్ల వస్తదని అడిగేవారు. కొన్నాళ్లకు మా మొదటి జట్టు ట్రాక్‌సూట్లు వేసుకుని రైలెక్కి పుణె పోయి వచ్చింది. తెలుగు సమాజం హాలులో వాళ్ల ఫొటో పెట్టారు. ఆ తర్వాత అవే తలుపుల వెనక నుంచి అవే తల్లులు చక్కగా ఉన్న పిల్లలను వెంటబెట్టుకుని రావడం మొదలైంది.

నాగావ్‌లో కండెలు చుట్టే ఒకావిడ, కమిటీ గదిలోనే, నలుగురి ముందు నా మీదికి వచ్చింది.

"ఆమె బిడ్డకు రాస్తివి. మా వానికి ఎందుకు రాయవ్? మావోడు ఆ పిల్లకన్న ఏం తక్కువ మందమా?"

"నీ కొడుకు మందం కాదు చెల్లె, సోమరి" అన్నాను. తర్వాత చాలాకాలం ఆవిడ నన్ను చూస్తే తల తిప్పుకునేది.

ఈ తల్లులను చూసి నవ్వే కొత్త టీచర్లను చాలామందిని చూశాను. నవ్వకండి. సాంచలు నడిపే కూలీ పిల్లలకు రైలు టికెట్టు కొని, బట్టలు కుట్టించి, చప్పట్లు కొట్టేవాళ్లు ఈ ఊళ్లో ఇంకెక్కడా లేరు. ఉన్న ఒక్క దారీ వైకల్యం గుమ్మం గుండా పోతోంది. తల్లికి కడుపు మండకుండా ఎట్లా ఉంటుంది? అయినా వద్దనే చెప్పాలి. అర్థం కావడం వేరు, రాసివ్వడం వేరు.

పిలిస్తే తిరగని పిల్లలు

సాంచలు నడిచే గదిలో గొంతుతో మాట్లాడడం దండగ. కండె అయిపోయిందంటే వేలు ఆడిస్తారు, పోగు తెగిందంటే రెండు వేళ్లు విడదీసి చూపిస్తారు, చాయ్ వచ్చిందంటే బొటనవేలు నోటి దగ్గర పెడతారు. మనిషిని పిలవాలంటే దగ్గరికి వచ్చి భుజం తడతారు. ఆ గది మీది అటకలోనే కాపురాలు. అక్కడ పెరిగిన పిల్ల వెనక నుంచి ఎవరో పేరు పెట్టి పిలిస్తే తిరగదు. తిరిగే అలవాటే లేదు. చేతులతో మాట్లాడుతుంది, తిరిగే చక్రాన్ని చూస్తూ గంటలు కూర్చుంటుంది, ఎందుకంటే ఇంట్లో చూడదగ్గది అదొక్కటే.

ఇప్పుడు మన పరీక్షను గుర్తు చేసుకోండి. పేరు పిలిస్తే తిరగడం లేదా? మాటకు బదులు చేతులు వాడుతోందా? తిరిగే వస్తువులను అదేపనిగా చూస్తోందా? మునిసిపల్ బడి హాలులో శిబిరం పెట్టి, ఠాణే నుంచి వచ్చిన నిపుణురాలు ఈ ప్రశ్నలు వేస్తే శాంతి నగర్ సగానికి సగం ఆటిజం కింద రాసుకోవచ్చు.

ఆ శిబిరానికే జమున, మమత వచ్చారు. అక్కాచెల్లెళ్లు. తండ్రి ఓదేలు సాంచలు నడుపుతాడు, సాంచలు ఇంకొకరివి. తల్లి రాజవ్వ కండెలు చుడుతుంది. నిపుణురాలు కేళ్‌కర్ మేడం మంచి మనిషి, తొందర మనిషి. వెనక నుంచి పిలిచింది, ఇద్దరూ తిరగలేదు. తర్వాత మరాఠీలో నీ పేరేమిటని పెద్దదాన్ని అడిగింది. జమున నిటారుగా నిలబడి, "మాఝే నావ్ జమునా. మీ సాతవీత్ శికతే" అంది. పేరు చెప్పింది, ఏడో తరగతి చదువుతున్నానంది, స్పష్టంగా, తడబాటు లేకుండా. మేడం సంతోషించి ఈమెకేమీ లేదని పక్కకు పంపేసింది. జమున అప్పుడు తొమ్మిదో తరగతి. ఆ వాక్యం ఏడులో టీచర్ నేర్పింది, అది అక్కడే నిలిచిపోయింది. నీ ఊరేదని అడిగినా, ఆకలవుతోందా అని అడిగినా అదే చెప్పేది. రెండో ప్రశ్న ఎవరూ అడగలేదు.

చిన్నది మమత దేనికీ నోరు విప్పలేదు. నేల చూసింది, వేళ్లు తిప్పింది. చేతికి బ్యాట్ ఇచ్చి షటిల్ విసిరితే మాత్రం గోడకు తగిలేలా కొట్టింది. వర్ష కళ్లు మెరిశాయి. వెళ్లి ఆ పిల్ల చేయి పట్టుకుంది. వైకల్యం కింద మమత పేరు రాశారు. అందరూ చెప్పుకునే దృశ్యం అదే.

నేను మమతను పక్కకు తీసుకుపోయి, భుజం తట్టి, మన మాటలో అడిగాను. నోరు లేదనుకున్న పిల్ల గలగలా మొదలుపెట్టింది.

"సెప్పినోళ్లనేమో ఇంటికి పంపుతుండ్రు. సెప్పనోళ్లకు బ్యాట్ ఇస్తుండ్రు. నాకు బ్యాట్ గావాలె."

ఇంత తెలివి ఉన్న పిల్లను మేధో వైకల్యం కింద ఆడిస్తారా అని ఆ సాయంత్రమే వర్షతో గొడవపడ్డాను. ఆమె వాదన తీసిపారేసేది కాదు, అందుకే ఇంకా మండింది. పేదపిల్ల, చేతిలో ఆట ఉంది, ఈ దారి మూసేస్తే ఇంకే దారిలో కోర్టు దాకా వస్తుంది, ఎవరికి నష్టం అని అడిగింది. కమిటీ కార్యదర్శి, గోడౌన్ల సేటు, ఆమె పక్షాన చేరి, పతకం వస్తుంటే రానివ్వక మీకేం బాధ అన్నాడు.

"మేడం, మెడల్ ఆ రహా హై తో ఆనే దో నా. ఆప్ కో క్యా తక్లీఫ్ హై?"

"ఈమె లోపలికొస్తే ఇంకొకరు బయట ఉంటారు సేట్, అదీ తక్లీఫ్" అన్నాను. ఆ ఇంకొకరు ఎవరో నాకు అప్పటికింకా తెలియదు. అసూయతో అడ్డుపడుతున్నానని బయట అనుకున్నారు. అసూయ ఉంటే మాత్రం లెక్క తప్పవుతుందా?

శుక్రవారం

ఈ ఊళ్లో పని నేర్చుకోదలచినవారికి నేను చెప్పేది ఒక్కటే. సాంచల ఇంటి పిల్లను శుక్రవారం చూడండి. ఆ రోజు ఇక్కడ సాంచలకు సెలవు. చప్పుడు నడిచేటప్పుడు అందరు పిల్లలూ ఒకేలా కనబడతారు. ఏమీ లేనివాళ్లకు ఏదో ఉన్నట్టుంటుంది. నిజంగా ఉన్నవాళ్లది అందులో కలిసిపోతుంది. మాట్లాడని పిల్ల అని ఎవరికి తెలుస్తుంది, ఎవరూ మాట్లాడని ఇంట్లో?

నేను వెళ్లింది మమత కోసం. ఇనుప నిచ్చెన ఎక్కేసరికి జమున మూలన కూర్చుని రెండు చెవులూ అరచేతులతో బాదుకుంటోంది. నోటి నుంచి సన్నటి అరుపు ఆగకుండా వస్తోంది. సాంచలు ఆగితే ఇంతేనని రాజవ్వ మామూలుగా చెప్పింది. ఆరు రోజులు మంచిగుంటది, శుక్రవారం ఇట్ల చేస్తది, అదే పోతది. నేను ఒక్కొక్కటే అడిగాను. జడ ఎవరు వేస్తారు, దుకాణానికి పోతుందా, చిల్లర తెస్తుందా, రోడ్డు దాటుతుందా? అన్నిటికీ మమత పేరే వచ్చింది. జడ మమత వేస్తుంది. దుకాణానికి మమత పోతుంది. బడికి చేయి పట్టుకుని మమత తీసుకుపోతుంది. జమున కండెలు మాత్రం చుడుతుంది, చెప్పేదాకా ఆపదు.

"పెద్దది దేవత అక్కా, తంట పెట్టది" అంది రాజవ్వ. "గీ చిన్నదే రాకాసి. అన్నిట్ల పోటీ. అక్కకు రిబ్బన్ తెస్తే గిది ఏడుస్తది, అక్కకు జరమొస్తే నాకెందుకు రాదంటది."

ఆ రాకాసి అప్పుడు రెండు చెక్కముక్కలు తీసుకుని అక్క చెవి దగ్గర కూర్చుంది. టకటక, టకటక అని సాంచ నడిచినట్టే కొట్టడం మొదలుపెట్టింది. ఎక్కడా లయ తప్పలేదు. కాసేపటికి జమున చేతులు కిందికి దిగాయి. కింద గల్లీలో పిల్లలు ఆడుకుంటున్న కేకలు వినబడుతున్నాయి. మమత కిటికీ వైపు చూస్తూనే కొడుతోంది. ఆ పిల్ల శుక్రవారాలన్నీ అట్లాగే పోయాయి.

మరుసటి శుక్రవారం కేళ్‌కర్ మేడంను లాక్కొచ్చాను. చీర కుచ్చిళ్లు ఎత్తి పట్టుకుని, మరాఠీలో గొణుక్కుంటూ నిచ్చెన ఎక్కింది. చూసింది. దిగాక గొణగలేదు. తర్వాత ఠాణేలో తీరిగ్గా, తెలుగు తెలిసిన మనిషిని పక్కన పెట్టుకుని పరీక్షలన్నీ చేసింది. జమునకు ఆటిజం, దానితో పాటు మేధో వైకల్యం. మమతకు ఏమీ లేదు.

క్రీడాకారిణి జమున, జోడీదారు మమత అని మార్చాం. జమున ఆడగలదా అని వర్ష అడిగింది. హాలులో చప్పుడు లేకపోతే ఆడలేకపోయేది. మమత బ్యాట్ పిడితో తన తొడ మీద సాంచ లయ కొడుతుంటే మాత్రం, వచ్చిన ప్రతి షటిల్‌ను ఒకే ఎత్తులో, ఒకే చోటికి తిప్పి పంపేది. ఆ చప్పుడు ఉంటే ఇద్దరి ఆటకు మేము అనుకున్నంత తేడా లేదు. జోడీ నియమం కూడా నిలిచింది. నేను గెలిచాను.

మమత ఓడింది. చేతికి వచ్చిన స్థానం పోయి అక్కకు దక్కింది. ఆ వారం నుంచి ట్రాక్‌సూట్ మీద ముందు అక్క పేరు, దండ ముందు అక్కకు. అమ్మలక్కలంతా జమునను చూడవచ్చి, మమతను చాయ్ తెమ్మనేవారు.

హాలు

రాష్ట్ర పోటీల్లో సెమీఫైనల్ రోజు పొద్దున వేదిక మీద సేటు ప్రసంగం చేశాడు. జమున గురించి చెప్పాడు, ఓదేలు గురించి చెప్పాడు, వర్ష గురించి కంటతడి పెట్టుకుని చెప్పాడు. మమత పేరు రాలేదు. నా పేరు కూడా రాలేదు. నేను మంచినీళ్ల సీసాల దగ్గర నిలబడి విన్నాను. ఆ పిల్ల నా పక్కనే నిలబడి వింది.

ఆట మొదలైంది. పెద్ద హాలు, నేల మెత్తగా ఉంది, జనం క్రమశిక్షణగా మౌనంగా కూర్చున్నారు. జమున మొదటి షటిల్ కొట్టలేదు, రెండోదీ కొట్టలేదు. బ్యాట్ జారవిడిచి నేల మీద కూర్చుని చెవులు మూసుకుంది. మమత బ్యాట్ పట్టుకుని ఊరికే నిలబడి ఉంది. కొట్టడం లేదు. అంపైర్ విరామం ఇచ్చాడు.

నేను వెళ్లేసరికి మమత కోర్టు పక్కన కూలబడింది. ముందు బతిమాలాను. తర్వాత ఈ ఆట అక్కది కూడా, ఇద్దరిదీ అన్నాను. తర్వాత నియమం చెప్పాను. ఇప్పుడు లేవకపోతే జోడీని పక్కన పెడతారు, ఇంకోసారి జమునను పిలవరు అన్నాను. చెప్పిందంతా నిజమే. మమత నా వైపు తిరగకుండానే జవాబిచ్చింది.

"అన్నీ అక్కకే గదా. శుక్రారాలు గూడ అక్కకే. ఇగ నేనెందుకు కొట్టాలె?"

జవాబు లేనప్పుడు గొంతు పెంచడం నా అలవాటు, అదే చేశాను. రిజిస్టర్ బల్ల దగ్గర ఉన్న వర్ష అది చూసి కోర్టు అవతలి నుంచి చుట్టూ తిరిగి వచ్చింది. నన్ను ఒక్క మాట అనలేదు. మమత పక్కన మోకాళ్ల మీద కూర్చుని, చెవి దగ్గర చేయి అడ్డం పెట్టి ఏదో చెప్పింది. ఎక్కువ సేపు కాదు. మూడు తెలుగు మాటలు తప్ప రాని మనిషి, హిందీలో చెప్పిందో మరాఠీలో చెప్పిందో కూడా నాకు తెలియదు. మమత మొదట తల అడ్డంగా ఊపింది. తర్వాత వర్ష మొహంలోకి చాలాసేపు చూసింది. తర్వాత లేచి, అక్క దగ్గరికి వెళ్లి, బ్యాట్ పిడితో తొడ మీద కొట్టడం మొదలుపెట్టింది.

వాళ్లు ఆ ఆట ఓడిపోయారు. మూడో స్థానం ఆటలో గెలిచారు. పతకం వచ్చింది. పేపర్లో ఫొటో వచ్చింది. మధ్యలో వర్ష, ఒక పక్క జమున, ఇంకో పక్క మమత. మమత నవ్వుతోంది. అది ఫొటో కోసం నవ్విన నవ్వు కాదు, నాకు ఆ తేడా తెలుసు.

జమున ఇప్పటికీ ఆడుతోంది. మమత కాలేజీకి పోతోంది, అయినా పోటీలున్నప్పుడల్లా వస్తుంది, ఎవరూ పిలవకుండానే. నేను వర్షను అడిగాను. "కాహీ నాహీ హో తాయీ, అసంచ్" అని, ఏమీ లేదు, ఊరికే ఏదో అన్నానని నవ్వేసింది. మమతను ఒకసారి బతిమాలి, ఒకసారి కసిరి అడిగాను. "అది మా ఇద్దరి ముచ్చట మేడం, నీకెందుకు?" అంది. ఆమెకు మా ఇద్దరి అంటే తాను, వర్ష.

జమునకు ఆడే అర్హత ఉందని పట్టుకున్నది నేను. నిచ్చెన ఎక్కింది నేను. సేటుతో మాట పడ్డది నేను. ఇవి మీరు నేర్చుకోవచ్చు, నేను నేర్పగలను. కానీ స్థానం పోగొట్టుకున్న పిల్లకు చెప్పవలసిన మాట ఒకటి ఉంది. అది నాకు రాలేదు, ఆమెకు వచ్చింది. ఇన్నేళ్లకూ నాకు తెలియవలసింది ఇదొక్కటే: ఆ రోజు ఆ పిల్ల చెవిలో వర్ష ఏం చెప్పింది?